నిదానం ఎవరిది? తెలుగు సాహిత్యంలో కూలి పని, పని వేగం

'ఒళ్లు దాచుకుంటున్నారు.' కూలి జనం మీద ఆసాములు వేసే నిందల్లో ఇది బాగా పాతది. 'వీళ్లకు ఒళ్లు వంగదు', 'గట్టు మీద మనిషి నిలబడితేగాని పని సాగదు' అనే మాటలు దీని పిల్లలే. ఈ నింద ఎవరి మీద పడుతుందో చూస్తే దాని కులం తెలిసిపోతుంది. ఆఫీసులో ఒక్క ఫైలు మీద ఆరు నెలలు కూర్చున్న గుమాస్తాను ఒళ్లు దాచుకున్నాడని ఎవరూ అనరు. ఆయన ఆలోచిస్తున్నాడంటారు, రూల్సు చూస్తున్నాడంటారు. బడిలో పిల్లలకు 'నిదానమే ప్రధానం' అని నేర్పుతారు. అదే నిదానం నాటు మడిలో మాల, మాదిగ ఆడమనిషి చేతుల్లో కనపడితే మాత్రం సోమరితనం అయిపోతుంది. ఒకే గుణానికి రెండు పేర్లు ఎలా వచ్చాయి? ఈ ప్రశ్నను తెలుగు సాహిత్య విమర్శ ఇంతవరకూ గట్టిగా వేసుకోలేదు.

మా వాదం ఇదీ. కాయకష్టం చేసే మనిషి పట్టే వేగం ఒక విద్య. ఉరకకుండా, ఆగకుండా, పొద్దు పొడిచిన కాడి నుంచి పొద్దు గూకే దాకా ఒకే తీరున సాగే ఆ పని తీరులో లెక్క ఉంది, అనుభవం ఉంది, తరాల జ్ఞాపకం ఉంది. రేపు కూడా ఇదే ఒళ్లుతో పనికి రావాలన్న ముందుచూపు ఉంది. ఆసామి కంటికి ఇది బద్ధకంగా కనపడింది. కవి కంటికి చెమటగా కనపడింది. జానపద పరిశోధకుడి కంటికి పాటగా కనపడింది. ముగ్గురూ చూసింది ఒకే మనిషిని. కాని ఆ మనిషి వేసుకున్న లెక్క మాత్రం ముగ్గురికీ కనపడలేదు.

1. వేగం వెనక లెక్క

ముందు పని గురించి మాట్లాడుకుందాం. పని తెలియకుండా పని మీద వచ్చిన సాహిత్యాన్ని అంచనా వేయలేం.

నాటు వేసే ఆడవాళ్లు ఎడమచేత నారు పట్టుకుని, కుడిచేత రెండు మూడు పోచలు తీసి బురదలో గుచ్చుతూ వెనక్కి వెనక్కి నడుస్తారు. లోతుగా గుచ్చితే పిలకలు సరిగా రావు. పైపైన గుచ్చితే మొక్క నీళ్ల మీద తేలిపోతుంది. అంటే ఈ పనిలో వేగానికి ఒక హద్దు మొక్కలోనే ఉంది. రెండో హద్దు నడుంలో ఉంది. వంగిన నడుం వంగినట్టే ఉండి చెయ్యి ఆడుతుంటే అంత తెలియదు. మాటిమాటికీ ఎత్తి వంచితేనే ప్రాణం మీదికొస్తుంది. అందుకే నడుం ఎప్పుడు ఎత్తాలన్నదానికి లెక్క ఉంటుంది. చేతిలో కట్ట అయిపోయి ఇంకో కట్ట అందుకునేటప్పుడు ఎత్తుతారు. గట్టు మీద నిలబడ్డ ఆసామికి ఆ క్షణమే కనపడుతుంది. 'నిలబడి దిక్కులు చూస్తున్నార'ని అరుస్తాడు.

కలుపులోనూ కోతలోనూ 'మునుం' ఉంటుంది. ఒక్కో మనిషి తన ముందు పట్టుకుని పోయే బారు అది. దినకూలిలో ముందు పోయినవాళ్లకు ఎక్కువ కూలి రాదు. వెనకబడ్డవాళ్లకు మాత్రం మాటలు పడతాయి. కాబట్టి వరస వరసంతా ఒక్కటిగా సాగడమే అందరికీ మేలు. ముసలమ్మ వెనకబడితే, చూలాలు ఆయాసపడితే, పక్క మునుం వాళ్లు ఆమె బారులో కూడా రెండు చేతులు వేసి కలుపుకుపోతారు. ఇది దయ కాదు, పని కట్టుబాటు. ఇవాళ ఆమెకైతే రేపు మనకు. ఆసామికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే చురుకైన మనిషికి చాటుగా కాస్త ఎక్కువ ముట్టజెప్పి ముందు మునుం పట్టించడం పాత ఎత్తు. ఆ మనిషి ఉరికితే వరసంతా ఉరకాలి. వరసకు ముందున్న ఆ మనిషిని తోటివాళ్లు 'మెల్లగా పోవే' అని గిల్లడం కూడా అంతే పాతది. మడిలో జరిగే ఈ పెనుగులాట సమ్మె కాదు, ఊరేగింపు కాదు. దీనికి జెండా లేదు. అందుకే కాబోలు మన కథల్లోకి పెద్దగా రాలేదు.

దినకూలి, గుత్త – ఈ రెండింటి మధ్య తేడా చూస్తే ఆసామి మాటలోని రెండు నాల్కలు బయటపడతాయి. దినకూలి పనిలో ఆయనకు వేగం కావాలి, కాబట్టి 'నత్తనడక' అంటాడు. అదే పని ఎకరాకు ఇంత అని గుత్తకిస్తే కూలివాళ్లు తమ వేగం తామే పట్టి మధ్యాహ్నానికల్లా ముగిస్తారు. అప్పుడు ఆయనకు నాణ్యం గుర్తొస్తుంది, 'ఆదరాబాదరాగా పెరికి పారేశార'ని సణుగుతాడు. మెల్లగా చేస్తే సోమరులు, తొందరగా చేస్తే మోసగాళ్లు. కూలివాడి వేగం సరైనదిగా ఉండే రోజే ఆసామి పంచాంగంలో లేదు. ఈ నింద పనిని చూసి పుట్టింది కాదు, మనిషిని చూసి పుట్టిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక పాలేరు, జీతగాడి సంగతి. ఏడాదికి ఇంత అని కుదుర్చుకున్న మనిషికి రోజుకు చివర అంటూ లేదు. ఒక పని తొందరగా ముగిస్తే దొరికేది విశ్రాంతి కాదు, ఇంకో పని. దుక్కి అయిపోతే గడ్డి, గడ్డి అయిపోతే పశువులు, పశువుల తర్వాత దొర ఇంట్లో కట్టెలు. అలాంటి చోట నిదానం ఒక్కటే అతని చేతిలో ఉన్న ఆస్తి. దాన్ని దాచుకున్నాడంటే అతనికి బుద్ధి ఉందని అర్థం.

2. చెమటను పొగిడిన కవిత్వం

తెలుగు కవిత్వం శ్రమను తక్కువ చేసిందని మేం అనడం లేదు. 1941లో జాషువ 'గబ్బిలం'లో ఆకలిగొన్న అస్పృశ్యుణ్ణి కావ్యనాయకుణ్ణి చేశాడు. అతని కష్టం లేకుండా పంటే లేదని, అయినా అతనికే తిండి లేదని ఒక అప్పు లెక్క సమాజం ముందు పెట్టాడు. అది చాలా పెద్ద మాట. ఆ లెక్క ఇంకా తీరలేదు. అయితే ఆ కావ్యంలో మనకు కనపడేది పని ముగించుకుని ఇంటికొచ్చిన మనిషి. గబ్బిలంతో మాట్లాడేది రాత్రి పూట. పగలు అతను ఏం చేశాడో, ఎలా చేశాడో కావ్యం వెలుపల ఉండిపోయింది. కరుణ రసానికి అలసిన మనిషి చాలు. పని చేస్తున్న మనిషి అక్కర్లేదు.

శ్రీశ్రీ సంగతి వేరు. 'మహాప్రస్థానం'లోని 'ప్రతిజ్ఞ'లో పొలం, గని, కార్ఖానా అన్నీ వస్తాయి. శ్రామికుడి చెమటకు వెల కట్టగలవాడు లేడన్న భావం ఆ గేయంతోనే తెలుగువాళ్ల నోళ్లలో నాటుకుంది. మా తరాలు ఆ గేయం చదివే సభల్లోకి వచ్చాయి. దాని మీద మాకు గౌరవం ఉంది. కాని కూలివాడి వైపు నుంచి ఆ భావాన్ని ఒకసారి తిరగేసి చూడాలి. చెమటకు వెల కట్టలేరన్నది పొగడ్త. కూలివాడికి కావల్సింది మాత్రం వెల కట్టడమే. రోజుకెంత, ఎకరాకెంత, గింజలా డబ్బులా, గంజి పోస్తారా పోయరా – అతను రోజూ తేల్చుకునే ప్రశ్నలివి. వెల లేనిదన్నాక బేరం ఆడే చోటే లేకుండా పోతుంది. పైగా ఆ తర్వాత వచ్చిన అభ్యుదయ కవిత్వంలో శ్రమ అంటే కండలు, సుత్తి, పిడికిలి, ఉరకలు వేసే అడుగులు. వేగమే విప్లవానికి గుర్తయింది. మెల్లగా, నడుం కాపాడుకుంటూ, పక్కమ్మను కలుపుకుంటూ సాగే నాటు వరసకు ఆ ఊహలో చోటు దొరకలేదు. అక్కడ పని చేసేది ఎక్కువగా మగవాడు. అతనికి కులం ఉండదు. అతను అలసిపోడు కూడా.

దీనికన్నా ముందే, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' కూలి తగాదాను తెలుగు నవలలోకి తెచ్చింది. సంగదాసు చచ్చిపోయేది చౌదరయ్య దెబ్బకు. దాని వెనక ఉన్నది కూలి గొడవ. ఈ ధైర్యాన్ని మేం తక్కువ చేయం. ఆ నవల మీద అప్పటి ప్రభుత్వం నిషేధం పెట్టిందంటే ఊరికే కాదు. అయితే 'మాలపల్లి' తన దళితులకు ఇచ్చిన గౌరవం ఎక్కువగా శీలంలోంచి, భక్తిలోంచి వచ్చింది. రామదాసు పెద్దమనిషి ఎందుకయ్యాడంటే తత్వం తెలిసినవాడు గనక. అతని చేతులకు తెలిసిన విద్య వల్ల కాదు. బోయి భీమన్న 'పాలేరు' నాటకం ఇంకో దారి చూపింది. పాలేరు కుర్రాడు చదువుకుని పైకొస్తాడు. ఆ నాటకం చూసి బడి బాట పట్టినవాళ్లను తలుచుకుంటే దాని మేలు ఏమిటో తెలుస్తుంది. కాని అక్కడా విముక్తి అంటే పని నుంచి బయటపడడమే. పనిలో ఉండగానే పనివాడికి తెలిసిన సంగతికి విలువ ఉందన్న ఆలోచన ఈ రెండు దారుల్లోనూ తక్కువ.

3. పాట అలుపు తీర్చడానికేనా?

జానపద గేయాల మీద తెలుగులో గట్టి పరిశోధన జరిగింది. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో అచ్చయింది. నేదునూరి గంగాధరం లాంటివాళ్లు ఊరూరా తిరిగి పాటలు పోగుచేశారు. వాళ్లు చేయకపోతే ఇవాళ మన దగ్గర ఆ సంపదలో సగం కూడా ఉండేది కాదు. ఆ దారిలో తర్వాత వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో 'శ్రామిక గేయాలు' అనే అధ్యాయం దాదాపు తప్పనిసరి. అందులో తరచూ కనపడే వివరణ ఒకటే: అలుపు తెలియకుండా ఉండడానికి పాడుకుంటారు.

ఈ వివరణ సగమే నిజం. పాట పనికి అలంకారం కాదు, పనిముట్టు. గూడ వేయడం చూడండి. కాలువలోంచి పైమడికి నీళ్లు తోడే గూడకు రెండు పక్కలా తాళ్లు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఒకే ఊపున ముంచి, ఒకే ఊపున ఎత్తి, ఒకే ఊపున కుమ్మరించాలి. ఒకరు ముందైతే గూడ ఒరిగి నీళ్లు ఒలికిపోతాయి, రెండోవాళ్ల భుజం పట్టేస్తుంది. ఇద్దరి ఊపిరి కలవాలి. పాట చేసేది ఆ పని. మోట దగ్గర ఎడ్లను వెనక్కి నడిపించే మనిషి పాటలో సాగదీత ఉంటుంది, ఎందుకంటే ఎద్దు వెనక్కి నడవడానికి అంత సేపు పడుతుంది. దంపుడు పాటకు రోకలి లెక్క. పాట ఎవరు ఎత్తుకుంటారో వాళ్లే వేగం పడతారు. నాటు వరసలో పాట ఎత్తుకునే పెద్దమ్మ ఆ రోజుకు ఆ వరసకు నాయకురాలు. ఎండ ముదిరితే ఆమె పాట మార్చి వేగం తగ్గించగలదు. ఆసామి ఆమెను తిట్టలేడు, ఆమె పాడుతోంది గదా.

ఇది గమనించకుండా పాటను ఛందస్సు ప్రకారం, రసం ప్రకారం వర్గాలు చేస్తే దక్కేది గేయం మాత్రమే. ఆ పాట ఏ పనిలో పాడారు, దినకూలికా గుత్తకా, పొద్దున్నా మధ్యాహ్నమా, గుత్త పనిలో పాట వేగం మారిందా అన్న వివరాలు చాలా సంకలనాల్లో లేవు. పాడినామె కులం ఉంటే ఉంటుంది, కూలి ఉండదు. పాటను పని నుంచి ఊడబెరికి సాహిత్యంలో కలిపారు. ఊడబెరికాక అది ఎవరిదైనా అవుతుంది.

అలా ఎవరిదో అయిపోయిన ఉదాహరణ ఒకటి అందరికీ తెలుసు. 1957లో వచ్చిన 'తోడికోడళ్లు' సినిమాలో గూడ వేస్తూ పాడుకునే పాట కొసరాజు రాసింది. కొసరాజుకు పల్లె పదం తెలుసు, పని కూడా తెలుసు. పాటలో ఆ ఊపు సరిగ్గా పట్టుబడింది. కాని తెర మీద ఆ ఊపు వయ్యారం అవుతుంది. పాట ముగిసే లోపు ఎవరి భుజమూ నొప్పి పుట్టదు, మడి తడిసిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఆడుతూ పాడుతూ చేస్తే కష్టం ఉండదన్న నమ్మకం అలాంటి పాటల నుంచి ఊళ్లకే తిరిగొచ్చింది. పాట కష్టాన్ని మాయం చేయదు. పంచుతుంది, కొలుస్తుంది.

4. టైలర్ కనిపెట్టింది, అంబేడ్కర్ అడిగింది

పని వేగాన్ని 'శాస్త్రం' చేసిన పేరు అమెరికా ఇంజినీరు ఫ్రెడరిక్ టైలర్‌ది. 1911లో వచ్చిన ఆయన పుస్తకం ప్రపంచమంతా మేనేజర్లకు పాఠమయింది. బెత్లెహాం ఉక్కు కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసే కూలీలు మనిషికి రోజుకు 12.5 టన్నులు మోస్తుంటే, స్మిట్ అని ఆయన పేరు పెట్టిన ఒక కూలీ చేత 47.5 టన్నులు మోయించానని అందులో రాసుకున్నాడు. దాదాపు నాలుగింతల పని. కూలి మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. ఈ పనికి సరిపడే మనిషి బుద్ధిలో ఎద్దు లాంటివాడై ఉండాలన్న అర్థం వచ్చే మాట కూడా ఆ పుస్తకంలోనే ఉంది. మనువు ఏ భాషలో రాసినా మాట మాత్రం మారదు.

అయితే ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. దాన్ని టైలర్ భక్తులు అంతగా చెప్పరు. సుమారు 92 పౌన్ల దిమ్మె మోసే మనిషి రోజులో 43 శాతం సమయమే బరువు మీద ఉండాలి, మిగతా 57 శాతం చేతులు ఖాళీగా ఉండాలి, లేకపోతే రోజంతా పని సాగదు అని ఆయన లెక్క తేల్చాడు. చేతిలో గడియారం పట్టుకుని ఏళ్ల తరబడి పరీక్షలు చేశాక తేలిన ఈ సంగతి బస్తాలు మోసే ఏ హమాలీకైనా, మట్టి తట్టలు ఎత్తే ఏ ఆడమనిషికైనా ముందే తెలుసు. తట్ట దింపి ఖాళీగా తిరిగొచ్చే నడకలోనే ఊపిరి కూడదీసుకుంటారు. కూలివాడు చేస్తే ఒళ్లు దాచుకోవడం, ఇంజినీరు రాస్తే శాస్త్రం. జ్ఞానం కొత్తది కాదు, దాని యజమాని మారాడు, అంతే. ఇక ఆ తర్వాత ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో చెప్పే అధికారం కూలీది కాకుండా పోయింది.

అంబేడ్కర్ ఈ ప్రశ్నను ఇంకో వైపు నుంచి వేశాడు. 'కులనిర్మూలన' (1936)లో కులం అంటే కేవలం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అన్న మాట మనకు కంఠతా వచ్చు. ఆ పక్కనే ఆయన సామర్థ్యం గురించి మాట్లాడిన భాగాన్ని మాత్రం మనం తక్కువగా చదివాం. మనిషి ఇష్టంతో నిమిత్తం లేకుండా పుట్టుకతో అంటగట్టిన పనిలో మనసూ ఉండదు, బుద్ధీ ఉండదు, అలాంటి వ్యవస్థలో సామర్థ్యం ఎక్కణ్ణుంచి వస్తుందని ఆయన వాదన. అంటే పనిలో మందకొడితనం ఎక్కడన్నా ఉంటే దాని కారణం కూలివాడి ఒంట్లో వెతకొద్దు, కులంలో వెతకండి అన్నాడు. అదే అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తూ పని గంటల తగ్గింపు కోసం పాటుపడ్డాడు. 1946లో ఫ్యాక్టరీ చట్టానికి వచ్చిన సవరణతో వారానికి 48 గంటల హద్దు ఏర్పడింది. పని గంట ఎవరిదన్న ప్రశ్న ఆయనకు పక్క విషయం కాదు. కాని ఆ హద్దు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగింది. మడి గట్టు దాకా రాలేదు.

ఇది వర్గ సమస్యేగాని కుల సమస్య కాదనే మిత్రులున్నారు. వర్గం ఉంది, కాదనం. కాని గట్టు మీది నింద కూలివాళ్లందరి మీదా ఒకేలా పడదు. పేద రెడ్డి, పేద కమ్మ పొలంలో వంగితే 'పాపం, చితికిపోయిన కుటుంబం' అంటారు. మాదిగ మనిషి వంగితే ఇంకా వంగమంటారు. ఈ తేడాకు వర్గం ఒక్కటే జవాబు చెప్పలేదు.

5. దళిత రచనలో పని

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన దళిత సాహిత్యం తెలుగు సాహిత్యం మొహం మార్చింది. 'చిక్కనవుతున్న పాట' (1995), 'పదునెక్కిన పాట' (1996) ఆ మార్పుకు సాక్ష్యాలు. అవమానం, హత్య, ఆత్మగౌరవం ఆ కవిత్వానికి ప్రాణం. అప్పుడు అదే అవసరం. విమర్శ కూడా అవమానాన్ని, ధిక్కారాన్ని చదవడం నేర్చుకుంది. పనిని పనిగా చదవడం మాత్రం వెనకబడింది. రచయితలు రాయక కాదు. రాసినచోట కూడా విమర్శ చూడలేదు. రెండు ఉదాహరణలు చెబుతాం.

జూపాక సుభద్ర 'కొంగు' కవితను స్త్రీవాదంతో దళిత స్త్రీ పడే పేచీగా చాలామంది చదివారు. ఆ చదువు సరైందే. కాని ఆ కవిత చెప్పే అసలు సంగతి ఏమిటంటే, ఆ కొంగు సిగ్గుకు కాపలా కాసే గుడ్డ కాదు, పనిలో తోడు. చెమట తుడిచేది, మోసేది, కట్టేది, పరిచేది అదే. పైట సర్దుకుంటూ ఉండే తీరిక పని వేగానికి అడ్డం. నడుముకు బిగించి చుట్టిన కొంగులో పని లెక్క ఉంది. ఈ కవితను పనిముట్ల కవితగా చదివితే అందులో దళిత స్త్రీ బాధితురాలుగా కాదు, పని తెలిసిన మనిషిగా కనపడుతుంది.

రెండోది కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000). కరువులో శివయ్య, శశిరేఖ ఊరొదిలి కాలువ తవ్వకం పని వెతుక్కుంటూ పోతారు. అక్కడ కులం అడ్డం వస్తుంది. పక్కన పని చేసే కూలివాళ్లే మాకు వీళ్లు వద్దంటారు. శ్రామికుల విభజన అన్న అంబేడ్కర్ మాట ఇక్కడ మట్టి గుట్ట పక్కన నిలబడి కనపడుతుంది. ఈ ఘట్టం వెనక చరిత్ర ఉంది. 1876–78 కరువులో మద్రాసు రాజధానిలో సహాయ పనులు నడిచాయి. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, దాని మీద కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. కఠినమైన పని, తక్కువ కూలి పెడితేనే నిజంగా ఆకలిగొన్నవాళ్లు వస్తారన్నది ఆయన సూత్రం. ఈ తిండితో మనిషి ఇంత పని చేస్తే చచ్చిపోతాడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. కొంత పెంచక తప్పలేదు. తినేదెంత, తవ్వేదెంత అన్న లెక్క ఆనాడే రాజకీయం. ఆ లెక్కలో చేరడానికి కూడా శివయ్యకు కులం అడ్డమొచ్చింది. నవలలో దీన్ని వలస గాథగా, మతం మారిన కథకు మొదలుగా చదవడం మామూలే. పనికి అర్హత ఎవరు తేల్చారన్న ప్రశ్నగా చదవడం ఇంకా మొదలు కావాలి.

6. టేపు ఎవరి చేతిలో ఉంది?

ఇదంతా పాత సంగతి అనుకోవడానికి వీల్లేదు. ఉపాధి హామీ పనులు 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలయ్యాయి. భూమి ఉన్నవాడి గట్టు కింద కాకుండా ప్రభుత్వ పనిలో గడ్డపార పట్టడం దళితులకు కొత్త అనుభవం. ఆసామి కూలి పెంచక తప్పని పరిస్థితి చాలా ఊళ్లలో వచ్చింది. 'కూలివాళ్లు దొరకడం లేదు, సోమరులైపోయారు' అన్న పాత నింద అప్పుడు మళ్లీ గట్టిగా వినపడింది. మాటలో కొత్తదనం లేదు, అన్న సందర్భమే కొత్తది.

కాని ఆ పనిలో గడియారం బదులు టేపు వచ్చింది. గుంట పొడవు, వెడల్పు, లోతు కొలిచి కూలి కట్టారు. మామూలు మనిషి ఏడు గంటలు పనిచేస్తే పూర్తి కూలి రావాలన్నది చట్టం మొదటి రూపంలో ఉన్న మాట. ఆ మామూలు మనిషి ఎవరు? పాతికేళ్ల మగవాడా, అరవై ఏళ్ల అవ్వా? నేల ఏది, ఒండ్రా, మొరమా? నెల ఏది, మాఘమా, వైశాఖమా? ఈ ప్రశ్నలు గట్టిగా వచ్చిన తర్వాతే పని–కాలం అధ్యయనాలు జరిగి ఆంధ్రప్రదేశ్‌లో రేట్లు సవరించారు, వేసవి నెలలకు అదనపు శాతం కలిపారు. అంటే కొలత ఆకాశం నుంచి ఊడిపడలేదు. అడిగితే మారింది. ఒంటి లెక్క తెలిసినవాళ్లు నోరు తెరిస్తే ప్రభుత్వ పట్టిక కూడా దిగొచ్చింది.

ఇక్కడ మన లోపలి చిక్కు కూడా చెప్పుకోవాలి. శ్రమశక్తి సంఘం పేర గుంపుగా పని కొలిచినప్పుడు వచ్చిన కూలి గుంపంతా పంచుకోవాలి. మునుంలో ముసలమ్మను కలుపుకుపోయిన వరస, గుంపు కొలతలో ఆమెను బరువుగా చూడడం మొదలుపెట్టింది. 'అవ్వా, నువ్వు ఇంకో గుంపులో చేరు' అన్న మాట మన పేటల్లోనే వినపడింది. ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. కొలిచే పద్ధతి వాళ్ల చేత అనిపించింది. పాలమూరు కూలీల గుంపుల్లోనూ ఇదే చూశాం. దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో పోయిన ఆ గుంపుల్లో మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే వేగం పట్టింది. అప్పు తీరేదాకా ఒళ్లు ఎవరిదో చెప్పడం కష్టం.

తర్వాత ఫోన్ వచ్చింది. 2023 నుంచి ఉపాధి పనుల్లో రోజుకు రెండుసార్లు ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. కొలత పనిలో కూలివాడికి ఉన్న మేలు ఒక్కటే: ఎండ ముదరకముందే, తెల్లారగట్ల పోయి తన వంతు ముగించుకుని ఇంటికి పోవచ్చు. రెండో ఫోటో కోసం ఉండాల్సి రావడంతో ఆ మేలు పోయింది. కూలి కట్టేది కొలత లెక్కన, మనిషిని కట్టేసేది గంటల లెక్కన. దినకూలి, గుత్త రెండింటిలోని చెడూ ఒక్కచోట చేరింది. గట్టు మీది ఆసామి కళ్లు ఫోనులోకి మారాయి.

7. విమర్శ అడగాల్సినవి

కూలివాడి నిదానాన్ని నెత్తిన పెట్టుకుని పూజించమని మేం అనడం లేదు. అలా చేస్తే చెమట బదులు నిదానాన్ని పొగిడిన ఇంకో కవిత్వం పుడుతుంది. చాకిరీలో మహత్తు ఉందని చెప్పి మనిషిని అక్కడే ఉంచే తత్వం మనకు ముందే తెలుసు. పాకీ పనిని పవిత్రం చేసిన గాంధీతో అంబేడ్కర్ తగువు దాని మీదే. మేం అడిగేది వేరు. పనివాడికి తన పని వేగం మీద హక్కు ఉందా లేదా? లేకపోతే ఎవరు లాక్కున్నారు, ఏ సాధనంతో – కర్రతోనా, గడియారంతోనా, అప్పుతోనా, టేపుతోనా, ఫోటోతోనా? ఒక కథలో, పాటలో, నవలలో ఈ హక్కు ఎవరి చేతిలో ఉన్నట్టు రాశారు? ఆ రచన మనల్ని గట్టు మీద నిలబెట్టి చూపిస్తోందా, మడిలో దించి చూపిస్తోందా? ఆడమనిషి వేగాన్ని మగవాడి వేగంతో కొలుస్తోందా? ఒకే పనికి ఆడా మగా ఒకే కూలి అని 1976లో చట్టం వచ్చింది. అయినా నాటు ఆడపని, దుక్కి మగపని అని పేరు మార్చి కూలి తేడా నిలబెట్టుకున్న ఊళ్లు ఎన్నో మనకు తెలుసు.

విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్న విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది అమ్మలు, అమ్మమ్మలు నాట్లు వేసినవాళ్లే. నాటు యంత్రాలు, కోత మిషన్లు వచ్చాక ఆ వరసలు చాలాచోట్ల చెదిరిపోయాయి. వాళ్ల పాటలు రాసుకునేటప్పుడు పాటతో ఆగకండి. పాట ఎవరు ఎత్తుకునేవారు, ఏ పొద్దుకు ఏ పాట, నడుం ఎప్పుడు ఎత్తేవారు, చూలాలి మునుం ఎవరు పట్టేవారు, గుత్త పనిలో పాడేవారా మానేసేవారా, కూలి గింజల్లోనా డబ్బుల్లోనా – ఇవి కూడా అడిగి, ఏడాది వేసి రాసిపెట్టండి. పల్లెల్లో పనిచేసే కార్యకర్తలు కూడా కూలి రేటు గొడవ వచ్చినప్పుడు 'మామూలు మనిషి' అంటే ఎవరని అధికారులను మొదట అడగాలి. ఆ జవాబు కాగితం మీద పెట్టించాలి. దాన్నిబట్టి అరవై ఏళ్ల అవ్వకు ఆ రోజు కూలి ముట్టేదీ లేనిదీ తేలుతుంది.